గరాజ్‌లో నాలుగో క్వార్టర్

మా ఇళ్ళలో ఏ వంటైనా లోపలే చేసుకుంటాం గానీ నూనె మూకుడు మాత్రం గరాజ్‌లో పెడతాం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో తెలుగువాళ్ళ ఇల్లు ఏది చూసినా ఇదే తంతు. లోపల బజ్జీలు వేస్తే కార్పెట్‌కీ, కర్టెన్లకీ, మర్నాడు ఆఫీస్‌కి వేసుకెళ్ళే కోటుకీ ఆ వాసన పట్టేస్తుంది. అందుకని కార్లు బయటికి తీసి, గరాజ్ తలుపు సగం ఎత్తి, సిలిండర్ పొయ్యి పెట్టుకుని వేయించాల్సినవన్నీ అక్కడే వేయిస్తాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫుట్‌బాల్ మ్యాచులు అలాంటి ఒక గరాజ్‌లోనే గడిచిపోయాయి. మొదటి మూడు క్వార్టర్లు లోపల టీవీలో చూసేదాన్ని. అసలు సంగతి తేలేది ఆఖరి భాగమైన నాలుగో క్వార్టర్‌లో. అది మాత్రం గోడ ఇవతల మూకుడు ముందు నిలబడి వినేదాన్ని.

ఎందుకంటే నేను ఐరన్ లెగ్‌ని. నేను చూస్తే మా టీమ్ ఓడిపోతుందని మావాళ్ళ గట్టి నమ్మకం. ఈ బిరుదు నాకెలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను ఎమ్మెస్ చేసింది దేశం నడిమధ్య, మొక్కజొన్న చేల మధ్యలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో. మా యూనివర్సిటీ రంగు ఎరుపు. కార్‌లో రెండు గంటలు వెళ్తే అదే రాష్ట్రంలో ఇంకో యూనివర్సిటీ ఉంది, వాళ్ళ రంగు పసుపు. ఫుట్‌బాల్ దగ్గర ఈ రెండింటికీ ఎప్పటినుంచో పడదు. ఈ ఫుట్‌బాల్ మన ఊళ్ళలో ఆడేది కాదు, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. ఏడాదికొక్కసారి, నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ వారంలో వచ్చే శనివారం నాడు, రెండు టీములూ తలపడతాయి. గెలిచినవాళ్ళకి దక్కేది కప్పూ కాదు, షీల్డూ కాదు. ఎవరో రైతు కొట్టంలోంచి తెచ్చిన, సొట్టలు పడ్డ పాత పాల క్యాన్. ఆ క్యాన్ నెత్తికెత్తుకుని మైదానమంతా తిరగడం కోసం ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు మోకాళ్ళు విరగ్గొట్టుకుంటారు. మేం తెలుగు స్టూడెంట్లం వాళ్ళని పసుపువాళ్ళనీ, మమ్మల్ని కుంకుమవాళ్ళనీ అనుకునేవాళ్ళం.

అమెరికాలో దిగిన రోజు నన్ను ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కించుకున్నది మా సీనియర్. వరంగల్ వైపు మనిషి. మా బ్యాచ్ కన్నా ముందొచ్చాడు కాబట్టి అందరికీ అన్న. నేను కార్‌లో కూచున్నప్పటినుంచీ ఏడుస్తూనే ఉన్నాను. ఆడపిల్లని ఓదార్చడం ఎలాగో పాపం ఆయనకి తెలీదు. తోచక ఫుట్‌బాల్ రూల్స్ చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, జరగకపోతే బంతి అవతలివాళ్ళకి ఇచ్చెయ్యాలి, అంటూ అపార్ట్‌మెంట్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ నా ఏడుపు ఆగింది.

ఆ నవంబరులో నన్ను మొదటిసారి స్టేడియంకి తీసుకెళ్ళిందీ ఆయనే. ఊరంతా కదిలి వెళ్ళే చోటికి వెళ్తున్నాం కదా అని నేను కొత్త బట్టలు తీశాను. అమ్మ తన చేత్తో అల్లి, పెట్టెలో అడుగున పెట్టి పంపిన స్వెట్టర్. కొత్తది తొడుక్కునే ముందు అంచున కాస్త పసుపు రాయాలన్నది మా ఇంటి అలవాటు, అదీ రాశాను. ఆ స్వెట్టర్ నిండు పసుపు రంగు. పైన వేసుకున్న జాకెట్ స్టేడియంలో ఆ జనంలో ఉక్కపోసి విప్పేదాకా నాకు ఆ సంగతే తట్టలేదు. చుట్టూ కనుచూపు మేర ఎరుపు, మధ్యలో నేనొక్కదాన్నీ బంతిపువ్వులా నిలబడి ఉన్నాను. నా వెనక వరసలోవాళ్ళు బూ అని అరవడం మొదలుపెట్టారు. ఎవర్ని చూసి అరుస్తున్నారో చూద్దామని నేనూ వెనక్కి తిరిగాను.

అన్న తన ఎర్ర స్వెట్‌షర్ట్ విప్పి నా తలమీదుగా తొడిగేశాడు. ఆ తర్వాత చలి పెరిగింది, సన్నగా మంచు కూడా పడింది. ఆయన ఒట్టి టీషర్ట్‌తో, చేతులు చంకల్లో దూర్చుకుని, పళ్ళు టకటకలాడిస్తూ మ్యాచ్ మొత్తం నిలబడ్డాడు. నా జాకెట్ ఇస్తే ఆయనకి భుజాలు కూడా పట్టలేదు. ఆఖరి నిమిషంలో మేం ఓడిపోయాం. తిరిగి వస్తున్నప్పుడు ఆయన అన్న మాట ఇప్పటికీ మావాళ్ళంతా అప్పజెబుతారు.

“పసుపు రాసి మరీ వాళ్ళకు దీవెన ఇచ్చినవ్ గదమ్మా.”

మరుసటి ఏడు పైనుంచి కిందిదాకా ఎర్రబట్టలు వేసుకుని వెళ్ళాను. మళ్ళీ ఓడిపోయాం. ఆ పై ఏడు నాకు థీసిస్ పని పడి మ్యాచ్‌కి వెళ్ళలేదు. ల్యాబ్‌లో కూచుని ఉండగా బయట ఊరంతా ఒక్కసారిగా గోల లేచింది. కిటికీలోంచి చూస్తే రోడ్లమీద జనం ఎర్రజెండాలతో పరిగెత్తుతున్నారు. గెలిచాం. ఆ సాయంత్రమే అన్న నా బిరుదు ప్రకటించాడు. నేను చదివింది స్టాటిస్టిక్స్. మూడు మ్యాచులు చూసి ఒక సూత్రం కట్టడం తప్పని, ఇది కాకతాళీయమని, బోర్డ్ మీద లెక్క వేసి చూపించబోయాను. అక్కడున్న ఇంజినీర్లంతా శ్రద్ధగా విని, అన్న చెప్పిందే రైటన్నారు.

వింత ఏమిటంటే ఈ లోపల నాకు ఆ ఆట పిచ్చి పట్టింది. చూడ్డానికి ఒకరి మీద ఒకరు పడి దొర్లడంలా ఉంటుంది గానీ లోపల అంతా ఎత్తుకు పైఎత్తు. నాలుగో ప్రయత్నంలో తెగించి ముందుకు వెళ్ళాలా, బంతి తన్ని వదిలించుకోవాలా అన్న దగ్గర నేను చెప్పినట్టే కోచ్‌లు చేసిన రోజులు ఎన్నో ఉన్నాయి. అన్నకి అభిమానం ఎక్కువ, రూల్స్ తక్కువ. తప్పు జరిగిందని రెఫరీ జెండా విసిరితే ఎందుకు విసిరాడో ఆయన నన్నే అడిగేవాడు. అడిగి, విని, నాలుగో క్వార్టర్ మొదలవగానే నావైపు ఒక చూపు చూసేవాడు. నేను లేచి వెళ్ళాలని ఆ చూపుకి అర్థం.

ఉద్యోగాలు వచ్చాక ఒకరి వెనక ఒకరం అంతా డాలస్ వైపు చేరాం. అన్న ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, వదిన వచ్చింది. థాంక్స్‌గివింగ్ శనివారం అందరం వాళ్ళింట్లో చేరడం ఆనవాయితీ అయింది. వదిన అందరికీ పప్పూ, పచ్చిపులుసూ, కోడికూరా వండేది. బజ్జీల పని నాది. నాలుగో క్వార్టర్‌లో నేను శనగపిండి గిన్నె పట్టుకుని గరాజ్‌లోకి నడిచేదాన్ని. అలా వెళ్ళిన ఏళ్ళలో మేం గెలిచిందీ ఉంది, ఓడిందీ ఉంది. ఓడిన ఏడాది, నేను తలుపు సందులోంచి తొంగిచూసే ఉంటానని తేల్చేవాళ్ళు.

ఇందులో నాకు మండే విషయం ఒకటుంది. నాతోపాటు ల్యాబ్‌లో కూచున్న ఓ కుర్రాడు కూడా ఆ గెలిచిన మ్యాచ్ చూడలేదు, ఓడినవి రెండూ చూశాడు. వాడికి ఏ బిరుదూ రాలేదు. ఒకవేళ మగాడు ఐరన్ లెగ్ అయినా, అతన్ని బ్యాక్‌యార్డ్‌లో కుర్చీ వేసి కూచోబెట్టి బీర్ ఇచ్చేవాళ్ళు. నేను కాబట్టి మూకుడు ముందు నిలబెట్టారు. ఈ మాట నేను చాలాసార్లు పైకే అన్నాను. నిజమే నిజమే అని తలలూపుతూ బజ్జీలు తినేవాళ్ళు. ఆ మనుషుల మీద ఎంతసేపని కోపం నిలుస్తుంది? నిలిచేది కాదు.

గోడ అవతలి చప్పుళ్ళతో మ్యాచ్ కట్టుకోవడం నాకు అలవాటైంది. అందరి కాళ్ళూ నేలమీద దబదబ కొడితే మావాళ్ళు ముందుకు జరుగుతున్నట్టు. అన్న ఒక్కడే గట్టిగా దేవుణ్ణి పిలిస్తే అవతలివాళ్ళు జరుగుతున్నట్టు. పూర్తిగా మాట పడిపోతే ఫీల్డ్ గోల్ తన్నబోతున్నట్టు. ఫీల్డ్ గోల్ అంటే రెండు నిలువు కర్రల మధ్య నుంచి వెళ్ళేలా బంతిని తన్నడం. అప్పుడు నేను కూడా గరిటె గాల్లోనే ఆపేసేదాన్ని. నూనెలో ఉన్నవి నల్లబడేవి.

మా ఆయన నాకు పరిచయమైంది అక్కడే. ఎవరో ఫ్రెండ్ వెంట ఓ ఏడాది మ్యాచ్ చూడ్డానికి వచ్చాడు. చదివింది పసుపువాళ్ళ దగ్గర, సొంతూరు గుంటూరు, పసుపు టోపీతో ఇంటినిండా ఎర్రచొక్కాల మధ్య ఒంటరిగా కూచున్నాడు. నేను లేచి వెళ్ళిపోతుంటే ఎందుకని పక్కవాళ్ళని అడిగాడట. కాసేపటికి గరాజ్ తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

“ఏవండీ, మీరొచ్చి లోపల కూర్చోండి, ప్లీజ్. మావాళ్ళు బాగా వెనకబడిపోయారు.”

నన్ను మ్యాచ్ చివరిదాకా చూడమని అడిగిన మొదటి మనిషి ఆయనే. అది నామీద గౌరవంతో కాదు, తన టీమ్‌ని గట్టెక్కించమని. అయినా నాకు ముచ్చటేసింది. వెళ్ళలేదు గానీ వేడి బజ్జీలు రెండు ఆయన ప్లేట్‌లో వేశాను. మరుసటి ఏడాది ఇక్కడి గుడిలోనే పెళ్ళి చేసుకున్నాం. మా తమ్ముడికి వీసా రాలేదు. హోమం దగ్గర పెళ్ళికూతురి చేతుల్లో పేలాలు పోయడానికి అన్నో తమ్ముడో ఉండాలని పంతులుగారు అంటే, పక్కనే నిలబడి ఉన్న అన్న ఏమీ అడక్కుండా వచ్చి కూచుని పేలాలు పోశాడు. పసుపువాళ్ళకి పిల్లనిచ్చానని మాత్రం ఇప్పటికీ అందరి దగ్గరా వాపోతాడు. మా ఆయన్ని బావా అని పిలుస్తాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మ్యాచే ఆగిపోయింది. యూనివర్సిటీలు కొన్ని కొన్ని కలిసి లీగ్‌లుగా ఆడుకుంటాయి. టీవీవాళ్ళు ఎక్కువ డబ్బులిస్తున్నారని పసుపువాళ్ళు ఇంకో లీగ్‌లోకి వెళ్ళిపోయారు. ఆ ఏడాదినుంచీ రెండు టీములూ ముఖాముఖీ ఆడలేదు. పాల క్యాన్ ఆఖరిసారి గెలిచిన పసుపువాళ్ళ దగ్గరే ఉండిపోయింది. పదేళ్ళు దాటిపోయింది.

మేం మాత్రం శనివారం మానలేదు. మ్యాచ్ లేకపోయినా అన్న ఇంట్లో చేరి, పాత మ్యాచుల గురించి చెప్పుకునేవాళ్ళం. గెలిచిన ఏళ్ళు మావాళ్ళు, ఓడిన ఏళ్ళు మా ఆయన, ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పేవాళ్ళు. మా కుర్రాడొకడు ఒంటిచేత్తో బంతి అందుకుని గీతకు అవతల పడ్డ క్యాచ్ ఒకటుంది. అన్న సోఫా దిండు పట్టుకుని ఆ క్యాచ్‌ని ఏటా మళ్ళీ చేసి చూపించేవాడు. ఏటేటా ఆ కుర్రాడు ఇంకాస్త ఎత్తుకు ఎగురుతుండేవాడు. వాడి కాలు మైదానం బయట పడిందని మా ఆయన, పడలేదని అన్న, పిల్లలంతా చుట్టూ చేరి నవ్వులు. అన్న పడిన ప్రతిసారీ వదిన కాఫీ టేబుల్ పక్కకి లాగేది.

ఆ కబుర్లలో నాకు చోటుండేది కాదు. నీకు గుర్తుందా అని ఎవరో నావైపు తిరిగేవాళ్ళు, నేను ఊ అనేదాన్ని. నాకు గుర్తున్నది ఆ క్యాచ్ కాదు. ఆ క్షణంలో గోడ అదిరింది, నా చేతిలో గరిటె జారింది, అంతే. నా అంత ఇష్టంగా ఆ ఆట చూసేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. మావాళ్ళు పాల క్యాన్ ఎత్తడం ఒక్కసారంటే ఒక్కసారి నేను కళ్ళారా చూడలేదు. ఆడినన్నాళ్ళూ చూడొచ్చులే అనుకున్నాను. ఆగిపోయాక మాత్రం చాలా బాధేసింది.

అలాంటిది, రెండు యూనివర్సిటీలూ ఒప్పందానికి వచ్చి, మళ్ళీ ఒక మ్యాచ్ పెట్టారు. అదీ మా స్టేడియంలో. ఆ కబురు తెలిసిన రోజు మా వాట్సాప్ గ్రూప్‌లో ఎవరూ పని చేసినట్టు లేదు. అందరం ఫ్లైట్ బుక్ చేసుకుని వెళ్దామన్నాడు అన్న. ఆ ఉత్సాహం ఇంకా చల్లారకముందే ఆయనకి ఆయాసం మొదలైంది. మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కుతున్నాడు. పరీక్షలు చేసి, గుండెలో ఒక వాల్వ్ మార్చాలన్నారు. ఆపరేషన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారానికి పెట్టారు. ప్రయాణం వద్దన్నారు. మ్యాచ్ ఆ ముందు శనివారం. మళ్ళీ ఆ ఇంట్లోనే, ఆ టీవీ ముందే చూడాలి.

శుక్రవారం మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. ఏమేం వండాలో మాట్లాడుకున్నాక అసలు సంగతికొచ్చింది. ఈ ఒక్కసారికి నాలుగో క్వార్టర్‌లో నువ్వు బయటే ఉంటావా అని అడిగింది. గెలిస్తే ఆయన ధైర్యంగా ఆపరేషన్‌కి వెళ్తాడంది. ఎప్పుడూ ఉంటూనే ఉన్నాను కదా అన్నాను. అప్పుడు ఇంకో మాట చెప్పింది. సోమవారం హాస్పిటల్‌కి కూడా రావద్దని, తనే ఫోన్ చేస్తానని.

“ఏమనుకోకు. నాకు మస్తు భయమైతుంది,” అంది.

సరే వదినా అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి సింక్‌లో ఉన్న గిన్నెలన్నీ ఒకదానిమీద ఒకటి విసిరాను. ఇన్నేళ్ళూ అది ఆట. నవ్వుతూ అన్నారు, నవ్వుతూ లేచి వెళ్ళాను. ఇప్పుడు అది అన్న ప్రాణం దాకా వచ్చింది. నాకు పేలాలు పోసిన మనిషిని కోసి గుండె బాగుచేస్తుంటే, నేను ఇంట్లో ఫోన్ పక్కన కూచోవాలన్నమాట. వదిన మీద కోపం వచ్చింది, ఆమె భయం గుర్తొచ్చి ఆ కోపం మీద మళ్ళీ నాకే చిరాకు వచ్చింది. మా ఆయన విషయం విని, రేపు వెళ్ళడం మానేద్దామా అన్నాడు. మానేస్తే నేను రానందుకే గెలిచామంటారు, ఇక జన్మకి నన్ను రానివ్వరు అన్నాను.

శనివారం అన్న గుమ్మంలోనే ఎదురొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. పాత ఎర్ర స్వెట్‌షర్ట్ మీద శాలువా కప్పుకున్నాడు. ఎక్సైట్ అవకూడదని డాక్టర్ చెప్పిందని వదిన ఆయన్ని మూలనున్న పడకకుర్చీలో కూచోబెట్టింది. అరవడానికి లేదు. అందుకని ఆయన అరవాలనుకున్నప్పుడల్లా కుర్చీ చేతిమీద గుద్దుతున్నాడు. మా స్టేడియం టీవీలో కనబడగానే అందరం ముందుకు జరిగి కూచున్నాం. మైదానం పక్కన బల్లమీద ఆ సొట్టల క్యాన్ పెట్టి ఉంది. మొదటి మూడు క్వార్టర్లూ అద్భుతంగా ఆడారు మావాళ్ళు. ముందున్నాం.

నాలుగో క్వార్టర్ మొదలయ్యే ముందు ఎవరూ నావైపు చూడకముందే లేచాను. వదిన తలెత్తలేదు. అన్న మాత్రం నావైపు చూశాడు. ఎప్పటి చూపు కాదది.

గరాజ్‌లో పొయ్యి వెలిగించి, మిరపకాయలు చీల్చి, వాము కూరి, పిండిలో ముంచి వేస్తున్నాను. లోపల ముందు కాళ్ళ చప్పుడు వినిపించింది, తర్వాత అది ఆగింది. మా ఆయన గొంతు ఒకటి గట్టిగా లేచి టక్కున తెగిపోయింది. పసుపువాళ్ళు బంతిని గీత దాటించి టచ్‌డౌన్ చేసుంటారు, ఈయన ఎవరింట్లో ఉన్నాడో గుర్తొచ్చి నోరు మూసుకునుంటాడు. అంటే మేం వెనకబడ్డాం. నాకు మ్యాచ్ మీద మనసు నిలవలేదు. సోమవారం ఆ హాస్పిటల్‌లో వదిన ఒక్కతీ కుర్చీలో కూచుని ఉండటం కళ్ళముందు కదులుతోంది.

తలుపు తెరుచుకుంది. అన్న ఒక్కడే, గోడ పట్టుకుని రెండు మెట్లూ మెల్లిగా దిగి వచ్చాడు. డ్రింకులు పెట్టుకునే ఐస్‌బాక్స్ మీద కూచుని ఊపిరి తీసుకున్నాడు.

“పొయ్యి బంద్ చెయ్,” అన్నాడు.

ఇంకా కాయలు మిగిలాయన్నాను.

“బంద్ చెయ్ చెల్లె. లోపలికి రా.”

వదిన ఏమడిగిందో చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆయనకి తెలిసిపోయింది. ఇప్పుడే వదిన నోట అన్నీ చెప్పించాడట. నేను రాను, గెలవనివ్వు అన్నాను.

“సోమవారం నువ్వు ఆడ ఉండాలె,” అన్నాడు అన్న. “మీ వదిన ఒక్కతే ఆగమైతది. నువ్వుంటే నాకు ధైర్యం. ఇయ్యాల నిన్ను ఈడ నిలబెట్టి, ఎల్లుండి ఆడికి రమ్మని నేను ఏ మొఖం పెట్టుకుని అడగాలె?”

“ఓడిపోతే?”

“ఓడిపోతే పోని. నువ్వు రా.”

పొయ్యి ఆపేశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు, ఇద్దరం మెట్లెక్కాం. గదిలో అందరూ మావైపు తిరిగారు. మా ఆయన లేచి తన చోటు నాకిచ్చి కింద కూచున్నాడు. వదిన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసింది, అన్నని చూసింది. పైట చెంగు గుప్పిట్లో నలిపేస్తోంది.

మేం రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. బంతి మావాళ్ళ దగ్గరుంది. గడియారంలో ఇక సెకన్లే మిగిలాయి. మా కిక్కర్ వచ్చాడు. బక్కపలచని పిల్లవాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. ఫీల్డ్ గోల్ పడితే మూడు పాయింట్లొస్తాయి, గెలుస్తాం. ఎన్నేళ్ళుగానో గోడ అవతల విన్న ఆ నిశ్శబ్దంలో మొదటిసారి నేను కూడా కూచుని ఉన్నాను. మావాడు తన్నాడు. బంతి బాగా లేచింది, తిన్నగా వెళ్ళింది, కుడివైపు కర్రకి టంగుమని తగిలి బయటికి పడింది.

ఓడిపోయాం. పసుపుచొక్కాలవాళ్ళు పరిగెత్తుకుంటూ వెళ్ళి పాల క్యాన్ ఎత్తారు. మా ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, తప్పు తనదే అయినట్టు తల వంచుకున్నాడు. నావైపు చూడకుండా ఉండటానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుస్తూనే ఉంది.

“మొత్తం చూస్తివా?” అన్నాడు అన్న కుర్చీలోంచి.

“చూశాను.”

“ఎట్లున్నది?”

“చండాలంగా ఉంది,” అన్నాను.

ముందు ఆయనే నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చి దగ్గాడు, దగ్గుతూనే నవ్వాడు. ఆ తర్వాత గదంతా నవ్వింది. మా ఆయన ధైర్యం తెచ్చుకుని టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ కిక్ ఇంకొక్క జానెడు ఎడమకి తన్ని ఉంటే సరిపోయేదని నేనూ, ముందు మూడో ప్రయత్నంలోనే పొరపాటు చేశారని ఇంకొకరూ, గొడవ మొదలైంది. ఈసారి నేను చూసినదాని గురించి నేను మాట్లాడుతున్నాను. ఓడిపోయిన బాధ ఉంది, కానీ చెప్పలేనంత హాయిగా కూడా ఉంది.

వదిన కనబడలేదు. వెతికితే గరాజ్‌లో ఉంది. పొయ్యి మళ్ళీ వెలిగించి మిగిలిన మిరపకాయలు వేస్తోంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను పక్కన నిలబడి పిండి కలిపాను.

“సోమవారం పొద్దుగాల్నే రమ్మన్నరు,” అంది వదిన, మూకుట్లోకే చూస్తూ. “నువ్వు మా కార్లనే రా.”

సోమవారం చీకటితోనే వాళ్ళింటికి వెళ్ళాను. అన్నని లోపలికి తీసుకెళ్ళేముందు ఆయన మా ఇద్దర్నీ చూసి, వచ్చే ఏడాది ఆ కిక్కర్‌ని మార్చాలన్నాడు. వదిన ఏడుస్తూనే నవ్వింది. తలుపులు మూసుకున్నాక వెయిటింగ్ రూమ్‌లో కూచున్నాం. నేను తెచ్చిన ఇడ్లీ ఆమె ముట్టుకోలేదు. తన చేతిలో నా చెయ్యి ఉందన్న సంగతి కూడా ఆమెకి తెలుస్తున్నట్టు లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడుతోంది.

మధ్యాహ్నానికి డాక్టర్ బయటికొచ్చింది. మాస్క్ కిందికి లాగి మాకోసం చుట్టూ చూసింది. వదిన లేచి నిలబడింది గానీ అడుగు వెయ్యలేకపోయింది. నా మోచెయ్యి పట్టుకుని నన్ను తనకన్నా ముందుకు నెట్టింది.

“నువ్వు ముందు నడువు,” అంది.

నేను ముందు నడిచాను. వాల్వ్ చక్కగా అమరిందని, ఇంకాసేపట్లో ఆయన్ని చూడొచ్చని డాక్టర్ చెబుతున్నంతసేపూ వదిన నా వెనకే నిలబడి, నా భుజం మీద గడ్డం ఆనించి వింది.